చలికి చీరాల, మిగతా ఏడాది చేను: 45 రోజుల ప్రయాణానికి మా లెక్కలు

రిటైరైన భార్యాభర్తలు చేను దగ్గర ఉంటూ చలి నెలలకు మాత్రం వెచ్చటి చోటికి పోయి రావచ్చా అని మమ్మల్ని చాలామంది అడుగుతారు. రావచ్చు, మేము సముద్రపు ఒడ్డున ఉన్న చీరాలకు పోయి వస్తాం. కానీ పోవడం కుదురుతుందా లేదా అన్నది డిసెంబరులో తేలే సంగతి కాదు. జూన్‌లో ఏ విత్తనం వేశామో ఆ రోజే తేలిపోతుంది. రైలు టికెట్, అద్దె గది, మందుల సంచి ఇవన్నీ ఆ తర్వాతి ముచ్చట.

గుడిహత్నూర్ నుంచి ఇంద్రవెల్లి పోయే దారిలో మాకు నాలుగెకరాల నల్లరేగడి, ఒక బోరు, చేను ఒడ్డునే రెండు గదుల పెంకుటిల్లు ఉన్నాయి. ఆదిలాబాద్ వైపు చలి సంగతి కొత్తగా చెప్పేదేం లేదు. డిసెంబరు రెండో వారం నుంచి సంక్రాంతి దాకా రాత్రిళ్లు ఆరేడు డిగ్రీలకు దిగడం మామూలే, సిర్పూర్ (యు) వైపైతే ఇంకా తక్కువ. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, మోకాళ్లు బిగుసుకుంటాయి, ఆయాసం ఉన్నవాళ్లకు తెల్లవారుజామే గండం. ఇంట్లో కుంపటి పెట్టుకుని తలుపులు బిగించి పడుకునే అలవాటు ఇక్కడ ఇంకా పోలేదు. బొగ్గు సగం సగం కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికి ఎక్కడికీ పోని వాళ్లు కూడా ఈ ఒక్కటి మానుకోవాలి. నెగడు వాకిట్లోనే వేసుకోవాలి.

పత్తి వేసినవాళ్లు డిసెంబరులో ఊరు విడవడం కష్టం. అక్టోబరు చివర మొదటి ఏరుడు, నవంబరు చివర రెండోది, మూడోది సరిగ్గా మనం లేని రోజుల్లో వస్తుంది. సీసీఐ (కేంద్రం తరఫున పత్తి కొనే సంస్థ) పూర్తి మద్దతు ధర ఇచ్చేది తేమ 8 శాతం ఉన్న పత్తికే. 8 దాటితే ఆ మేరకు కోత, 12 దాటితే అసలు కొనరు. డిసెంబరు మంచులో పొద్దున్నే ఏరిన పత్తి నీళ్లు పిండినట్టు ఉంటుంది. పది గంటల దాకా ఆగి ఏరించే మనిషి, ఏరినదాన్ని రెండు రోజులు ఎండలో తిరగేసే మనిషి ఉంటే తప్ప తూకం దగ్గర నష్టమే. కూలీలకేమో కిలో లెక్క, తడి ఎంతుంటే వాళ్లకు అంత బరువు. యజమాని లేని చేనులో వాళ్లు పది దాకా ఎందుకు ఆగుతారు? అందుకే మేము పత్తి మానేసి వానాకాలం సోయా, యాసంగికి శనగ పెట్టుకున్నాం. పత్తికి వచ్చినంత డబ్బు రాదు, అది ఒప్పుకునే దిగాం.

లెక్క ఇలా ఉంటుంది. మృగశిర మొదలై భూమి జానెడు లోతు తడిసిన తర్వాత, జూన్ 15 నుంచి 25 మధ్య సోయా. 95 నుంచి 100 రోజుల పంట కాబట్టి సెప్టెంబరు చివరికి కోతకొస్తుంది. అక్టోబరు 10 నుంచి 20 లోపు, అంటే చిత్త కార్తెలో శనగ. అది కూడా వంద రోజులే, జనవరి ఆఖరి వారానికి కోత. డిసెంబరు 10కి బయలుదేరి జనవరి 25కి తిరిగొస్తే చలి గండమూ దాటుతుంది, కోతకూ అందుకుంటాం. సోయా బాగా ఆలస్యమైతే ఈ దండ మొత్తం తెగిపోతుంది. శనగ నవంబరులో వేయాల్సి వస్తుంది, కాయ గట్టిపడే వేళకు ఫిబ్రవరి ఎండ తగిలి గింజ చిక్కిపోతుంది.

సోయాలో ఆలస్యం ఎక్కువగా కోత దగ్గరే జరుగుతుంది. ఆకు పండి రాలి, నూటికి 95 కాయలు గోధుమ రంగుకు తిరిగాయంటే ఇక ఆగకూడదు. ఆగితే కాయ పగిలి గింజ నేల పాలు. అప్పటికే బతుకమ్మ, దసరా మొదలవుతాయి. ఆ వెనకే దీపావళికి గోండు గూడేల్లో దండారీ పండుగ. ఆ రోజుల్లో ఎంత కూలి ఇస్తామన్నా మనుషులు రారు, రమ్మనడం న్యాయమూ కాదు. అందుకే హార్వెస్టర్‌నో నూర్పిడి మిషన్‌నో సెప్టెంబరు 15 లోపే మాట్లాడి బయానా ఇచ్చేస్తాం. విత్తనానికి ఉంచుకునే గింజను మాత్రం వేరుగా, మిషన్ డ్రమ్ము వేగం నిమిషానికి 400 చుట్ల లోపు పెట్టించి నూర్పిస్తాం. సోయా గింజ పైపొర చాలా పల్చన. వేగంగా కొట్టినా, బస్తాను భుజం మీంచి ధడాలున పడేసినా పైకి బాగానే కనిపిస్తుంది కానీ మొలక చచ్చిపోతుంది.

శనగకు మేము ఎంచుకున్నది ఎన్‌బీఈజీ 47 రకం, 'ధీర' అంటారు. జేజీ 11 రకం దిగుబడిలో మంచిదే, అయితే మొక్క పొట్టి, కాయ నేలకు దగ్గరగా ఉంటుంది. హార్వెస్టర్ బ్లేడు అంత కిందకు దిగదు కాబట్టి మనుషులతోనే కోయించాలి. ధీర నిటారుగా పెరుగుతుంది, మిషన్‌తో కోసుకోవచ్చు. ఊళ్లో లేకుండా పోయేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. ఎకరానికి 30 కిలోలు, సాలుకూ సాలుకూ మధ్య 30 సెంటీమీటర్లు. సోయా తీసిన వారం లోపే, నేలలో తడి ఉండగానే గుంటుక తోలి గొర్రుతో వేస్తాం. పైమట్టి ఆరిపోతే గింజ మూడు నాలుగు అంగుళాల లోతుకు దిగాలి, తడి మట్టిని తాకాలి. తాకని గింజ ఎలుకకు తిండి.

విత్తనానికి కిలోకు 8 నుంచి 10 గ్రాముల ట్రైకోడెర్మా (తెగులును అణిచే మేలు బూజు పొడి) తప్పకుండా పట్టిస్తాం. ఎండు తెగులు నేలలోంచి వచ్చేది. ఒకసారి మొక్క వాలాక పైన ఏ మందు కొట్టినా లేవదు, ఆ సమయానికి మనం సముద్రపు ఒడ్డున ఉండి చేసేదేమీ ఉండదు. విత్తిన మర్నాటి లోపు పెండిమిథాలిన్ ఎకరానికి లీటరు, 200 లీటర్ల నీళ్లలో కలిపి నేల మీద కొట్టిస్తే నెల దాకా కలుపు పెద్దగా ఉండదు. మిగిలింది మేమే తీసుకుంటాం. ముప్పై రోజులప్పుడు కొసలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, తుంచిన ఆకు కూరకు పనికొస్తుంది. శనగాకు మీద పులుపు ఆమ్లం ఉంటుంది, పొద్దున మంచులో తిరిగితే చేతులు చుర్రుమంటాయి, బట్టలు రంగు పోతాయి. పాత బట్టలు కట్టుకుని దిగాలి.

నీళ్ల దగ్గరే జాగ్రత్త ఎక్కువ కావాలి. రేగడిలో శనగకు రెండు తడులు చాలు. ఒకటి కొమ్మలు వేసే దశలో, 30 నుంచి 35 రోజులకు. అది నవంబరు మధ్యలో, మేమే ఇచ్చేస్తాం. రెండోది కాయ పడ్డాక, 60 రోజులు దాటాక. అది డిసెంబరు 15 - 20 మధ్య వస్తుంది, అప్పటికి మేము ఉండం. ఈ రెంటికీ నడుమ, పూత నిండుగా ఉన్నప్పుడు నీళ్లు పెడితే మొక్క పూత వదిలేసి ఆకు పెంచుకుంటుంది. చూసేవాడికి చేను పచ్చగా, గొప్పగా కనిపిస్తుంది, కాయ మాత్రం ఉండదు. మేము లేనప్పుడు మా చేను చూసే పక్క చేను తమ్ముడు ఏటా ఫోన్‌లో అడిగే మాట ఇదే: "సారూ, చేను వాడినట్టు కొడుతుంది, నీళ్లు ఇడువాల్నా ఆపాల్నా?" ఒక మొక్క పీకి కింది కొమ్మల ఫోటో పెట్టమంటాం. కింద మూడు నాలుగు కాయలు పడి ఉంటేనే ఇడువమంటాం. ఇప్పుడు ఫోటో తీసేటప్పుడు పక్కన అగ్గిపెట్టె కూడా పెడుతున్నాడు, లేకపోతే కాయ ఎంతుందో ఫోటోలో తెలియదు.

ఆ తడి స్ప్రింక్లర్లతోనే ఇప్పిస్తాం. కాల్వ కట్టి పారిస్తే రేగడిలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. మా సెట్లో 25 పైపులు, 5 నాజిళ్లు. ఒక్కో చోట మూడు గంటలు, తర్వాత మార్చాలి. పోయే ముందు ప్రతి పైపు మూతిలోని రబ్బరు వాషర్ చూసి, చీలినవి మార్చి, పది కొత్తవి డబ్బాలో పెట్టి ఆయన చేతికిస్తాం. ఒక్క వాషర్ పోతే ప్రెషర్ పడిపోయి చివరి నాజిల్ తిరగదు, అక్కడి శనగ ఎండుతుంది. నాజిల్‌లో ఇసుక చిక్కితే సైకిల్ పుల్లతో గెలకొద్దని, సన్నటి చీపురు పుల్లతో తీయాలని కూడా చెప్పే పోవాలి. ఇత్తడి రంధ్రం పెద్దదైతే నీళ్లు దూరం పడవు.

శనగపచ్చ పురుగు కూడా మనం లేనప్పుడే వస్తుంది. పూత మొదలవగానే ఎకరానికి 4 లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను ఎరతో పట్టేవి), 20 పక్షి స్థావరాలు పెట్టేస్తాం. పక్షి స్థావరం అంటే పెద్ద పేరే గానీ, టీ అక్షరంలా కట్టిన కర్ర. ఎర నెల లోపే పని చేయడం మానేస్తుంది కాబట్టి రెండో విడత ఎరలు కవరు విప్పకుండా ఇచ్చి పోతాం. వారానికి రెండుసార్లు సాలులో ఒక మీటరు పొడవున గోనెసంచి పరిచి మొక్కలు దులపాలి. మీటరుకు ఒక పురుగు కనిపిస్తే మందు, లేకపోతే వద్దు. క్లోరాంట్రానిలిప్రోల్ ఎకరానికి 60 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీళ్లతో. మందు ముందే బిల్లుతో కొని పెడతాం. మనం లేనప్పుడు కొనమంటే దుకాణంలో రెండు మూడు రకాలు కలిపి అంటగడతారు.

ఇక అడవి పందులు. సోలార్ కంచె ఉంటే బ్యాటరీ, తీగ కిందకు పెరిగిన గడ్డి చూసి పోవాలి. గడ్డి తీగకు తగిలితే కరెంటు నేలలోకి దిగిపోతుంది, పంది నింపాదిగా లోపలికి వస్తుంది. కొందరు లైన్ నుంచి నేరుగా తీగకు కరెంటు ఇస్తారు. అది నేరం, దానికి చిక్కి మనుషులే చనిపోతున్నారు. మన చేనులో మనం లేనప్పుడు ఎవరూ అలా పెట్టకూడదని గట్టిగా చెప్పాలి.

చేను చూసే మనిషితో మాట ఎలా ఉండాలన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కౌలుకిస్తే మనకు తలనొప్పి లేదు, కానీ వచ్చే జూన్‌లో ఏ పంట అన్నది మన చేతిలో ఉండదు. ఏడాది జీతానికి మనిషిని పెట్టుకుంటే ఉగాది నుంచి ఉగాది దాకా లెక్క, నాలుగెకరాలకు అది మోయలేం. మేము పాలుకు, అంటే పంటలో వాటాకు మాట్లాడుకున్నాం. యాసంగి శనగలో నాలుగో వంతు ఆయనకు, విత్తనం, మందు, మిషన్ కిరాయి మావి. తూకం ఇద్దరి ముందూ. కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకం పెట్టుకున్నాం. తమ్ముడి వరసైనవాడితో కాగితం ఏమిటని మొదట ఆయనే నొచ్చుకున్నాడు, కాగితం ఉన్నందుకే ఇప్పటిదాకా మాట పెరగలేదు. కూలికీ మోటరు రిపేరుకూ కొంత నగదు కవరులో పెట్టిస్తాం. దేనికి ఖర్చు పెడితే దాని మీదే రాస్తాడు.

మోటరు విషయంలో ఒకటే సూత్రం. ఆటో స్టార్టర్ తీసేయించాలి. మన దగ్గర 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. ఆటో పెట్టి మరిచిపోతే మోటరు రాత్రీ పగలూ తిరిగి, బోరులో నీరు దిగాక ఒట్టిగా తిరిగి కాలిపోతుంది. సిమ్‌తో నడిచే మొబైల్ స్టార్టర్ మంచిదే, కానీ ఆ సిమ్ రీచార్జి గడువు మన ఫోన్ గడువులా గుర్తుండదు. 84 రోజుల ప్యాక్ వేసి పోతే చింత ఉండదు. స్టార్టర్ డబ్బా కింద వైర్లు దూరే రంధ్రాలు మట్టితోనో సిమెంటుతోనో మూసేయాలి. వెచ్చదనానికి ఎలుకలూ బల్లులూ అందులోకే చేరతాయి, కాంటాక్టర్ మధ్య బల్లి చిక్కితే ఒక ఫేజ్ పోయి వైండింగ్ కాలుతుంది. కరెంటు ఫిర్యాదు నంబరు 1912 డబ్బా తలుపు మీద పెయింటుతో రాసి పెట్టాం.

ఇల్లు మూయడం రెండు రోజుల పని. మొదటి రోజు ధాన్యం. సోయా అమ్మేసి, విత్తనపు గింజ మాత్రమే ఉంచుకుంటాం. అది కూడా బాగా ఎండాకే, గోడకు జానెడు ఎడంగా, చెక్కల మీద, నాలుగు బస్తాలకు మించి ఒకదాని మీద ఒకటి పెట్టకుండా. ఆ గదిలో యూరియా బస్తా ఉండకూడదు, యూరియా తేమ లాగుతుంది. ఎలుకలకు ముందు రెండు రోజులు ఒట్టి నూకలు నూనె కలిపి పెట్టి అలవాటు చేసి, మూడో రోజు బ్రోమాడియోలోన్ బిళ్లలు కన్నాల లోపలికి వేస్తాం, బయట కాదు. బయట వేస్తే కోడో కుక్కో తింటుంది. కూరగాయల మడిలో డ్రిప్ పైపులను చుట్టి అటక మీద పెడతాం. తడి లేని రోజుల్లో నీటి కోసం ఎలుకలు పైపులు కొరుకుతాయి.

రెండో రోజు ఇల్లు. గ్యాస్ రెగ్యులేటర్ తీసి సిలిండర్‌కు మూత బిగించాలి. నీళ్ల ట్యాంకూ తొట్లూ ఖాళీ చేసి బోర్లించాలి. మెయిన్ స్విచ్ ఆపాలి. ఫ్రిజ్ తుడిచి తలుపు సందుగా వదలాలి, మూసి పోతే బూజు. బియ్యం, పప్పు డబ్బాల్లో వేపాకు. కిటికీల కింది సందుల్లో గోనె గుడ్డ కుక్కాలి, పాము వచ్చేది ఎలుక వెనకే. ఆవును పోయే రోజు కాకుండా వారం ముందే తమ్ముడి కొట్టంలో కట్టేస్తాం. కొత్త చోట రెండు మూడు రోజులు పాలు దిగదు, ఆ బెంగ మనం ఉండగానే తీరాలి.

నవంబరులో తప్పనిసరి పని లైఫ్ సర్టిఫికెట్. కేంద్ర పెన్షనర్లకు నవంబరు 1 నుంచి 30 దాకా గడువు, 80 దాటినవాళ్లకు అక్టోబరు 1 నుంచే. చేను పని చేసే చేతులకు వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి, చలికి చర్మం పగిలి యంత్రం అసలు పట్టదు. వేళ్లు రుద్దుతూ సెంటర్ల చుట్టూ తిరగాల్సిన పని లేదు. 2021 నుంచి ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది. ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్, దానితోపాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ వేసుకుని, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుని రెప్ప కొడితే చాలు. దీపం వెనక ఉంటే ఎన్నిసార్లు చేసినా తిరస్కరిస్తుంది. పోస్టుమాన్ ఇంటికి వచ్చి కూడా చేస్తాడు. పంట నమోదుకూ అమ్మకానికీ ఓటీపీలు వస్తుంటాయి కాబట్టి ఆధార్‌కు కలిపిన నంబరు సిమ్‌ను చీరాలలోనూ ఆన్‌లోనే ఉంచాలి. మందులు 45 రోజులకు కాకుండా 60 రోజులకు కొంటాం, చీటీ నకలు రెండు ఫోన్లలోనూ ఉంటుంది.

చీరాలే ఎందుకంటే రైలు మారే పని లేదు. ఆదిలాబాద్‌లో రాత్రి కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు అక్కడ దిగొచ్చు. టికెట్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. పోవడానికి అక్టోబరు రెండో వారం, రావడానికి నవంబరు చివర చూసుకోవాలి. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 దాటితే కింది బెర్త్ కోటా వర్తిస్తుంది, కానీ టికెట్ మీద ఇద్దరికి మించి ఉండకూడదు. మనవణ్ని కూడా అదే టికెట్లో కలిపితే ఆ కోటా పోయి పై బెర్త్ రావచ్చు, మోకాళ్లతో ఎక్కలేం. రాయితీ మాత్రం 2020 మార్చి నుంచి లేదు. తిరుగు ప్రయాణం జనవరి 22 తర్వాతే పెట్టుకోవాలి, సంక్రాంతి జనం అప్పటికి తగ్గుతారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర ఉంటుంది, ఆ రోజుల్లో మా దారి బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. ఏ ఏడాది ఏ తేదీకి వస్తుందో పంచాంగంలో ముందే చూసుకుంటాం.

డిసెంబరు మొదటి వారంలో బయలుదేరమని ఎవరైనా అన్నా వినం. బంగాళాఖాతం తుపాన్లకు అది ఇంకా కాలమే. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది.

అక్కడ కింది అంతస్తు పోర్షన్ చూసుకోవాలి, రెండు నెలల అద్దె ఒకేసారి ఇస్తామంటే అడ్వాన్సు దగ్గర దిగొస్తారు. గ్యాస్‌కు 5 కిలోల చిన్న సిలిండర్ గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, పోయేటప్పుడు తిరిగి ఇచ్చేయొచ్చు. రాత్రి ఉష్ణోగ్రత 20 దగ్గర ఉంటుంది, దుప్పటి ఒకటి చాలు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి జొన్నపిండి పట్టుకుపోతే పదిహేను రోజుల్లో ముక్కవాసన వస్తుంది. జొన్నలే తీసుకుపోయి వారానికి సరిపడా ఆడించుకుంటాం. అక్కడ గిర్ని అంటే తెల్లమొహం వేస్తారు, మర అని అడగాలి.

తిరిగొచ్చాక తలుపు తీసి వెంటనే లోపలికి పోకూడదు. కర్రతో గడప కొట్టి, కిటికీలన్నీ తెరిచి, పావుగంట ఆగాలి. గ్యాస్ వాసన లేదని తేల్చుకున్నాకే మెయిన్ వేయాలి. మోటరు ఆన్ చేసే ముందు స్టార్టర్ డబ్బా లోపల చూడాలి. ఆ మధ్యాహ్నమే చేనులో నాలుగు మూలలా కాయ చిదిమి చూస్తాం. గింజ గలగలలాడి, ఆకు రాలితే హార్వెస్టర్‌ను పిలిచే రోజు. పొద్దున్నే మంచు తడి ఉండగా పిలవొద్దు, కాయ నలిగి గింజ రాదు. మరీ మిట్టమధ్యాహ్నం అయితే కాయ తగిలీ తగలకముందే రాలుతుంది. పది నుంచి పన్నెండు మధ్య మంచి వేళ.

శనగ అమ్మాక మార్చి, ఏప్రిల్‌లో వేసవి దుక్కి దున్నించి వదిలేస్తాం. ఎండకు పురుగుల కోశస్థ దశలు (ప్యూపాలు) పైకి తేలి చస్తాయి. మే చివరి వారంలో సోయా విత్తనపు బస్తా విప్పి, చేతికి వచ్చినవి కాకుండా పైనుంచీ, నడుమ నుంచీ, అడుగు నుంచీ కలిపి 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టి పెడతాం. ఐదో రోజు విప్పి చూస్తే 70 మొలకెత్తి ఉంటే ఎకరానికి 30 కిలోలు. 60 వస్తే 35 కిలోలు వేస్తాం. అంతకంటే తగ్గితే ఆ బస్తా పప్పుకు, విత్తనం కోసం బయటికి పోవాల్సిందే.